ల్యాండ్ యూజ్ రిపోర్ట్‌కి 8,500 పెట్టా, 36 లక్షల ప్లాట్ వదిలేశా

నాలుగు నెలల కింద మా బావ ఫోన్ చేసి శంకర్‌పల్లి రోడ్డులో ఒక వెంచర్ ఉందట, గజం పద్దెనిమిది వేలే, ఆదివారం పోయి చూసొద్దాం పా అన్నాడు. బావ అంటే మా అక్క మొగుడు, ఈసీఐఎల్ వైపు ఉంటాడు, ప్లాట్ల విషయంలో ఆయనకి ఒక పాత దెబ్బ ఉంది, అది తర్వాత చెప్తా. నేను హైదరాబాద్ మియాపూర్‌లో అద్దెకి ఉంటున్నా, పదకొండేళ్ళ నుంచి అద్దె కడుతూ విసుగొచ్చింది, మా ఆవిడ అయితే ఇంక ప్లాట్ అన్న మాట ఎత్తితేనే నవ్వుతుంది. సరే అని వెళ్ళాం.

మెట్రో స్టేషన్ దగ్గరికి వాళ్ళ కారే వచ్చింది, దార్లో మజ్జిగ ప్యాకెట్లు, అక్కడ షామియానా, బిర్యానీ, డ్రోన్ వీడియో, మైకులో ఒకాయన ఈస్ట్ ఫేసింగ్ ఇంకా నాలుగే నాలుగు ఉన్నాయి సార్ అని గంట నుంచి అదే నాలుగు చెప్తున్నాడు. ఫైల్ మాత్రం నీట్‌గా ఉంది. లింక్ డాక్యుమెంట్లు, ముప్పై ఏళ్ళ ఈసీ (భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల రికార్డు), నాలా కన్వర్షన్ (వ్యవసాయ భూమిని వ్యవసాయేతరంగా మార్చడం) ప్రొసీడింగ్స్, లాయర్ ఒపీనియన్ అన్నీ ప్లాస్టిక్ కవర్లలో పెట్టి ఇచ్చారు. 200 గజాలు, 36 లక్షలు. నేను అక్కడికక్కడే 50 వేలు టోకెన్ కొట్టేశా, ఫోన్‌పేలో. (ఎవరూ ఇలా చెయ్యకండి.)

సోమవారం ఆఫీస్‌లో స్వీట్ బాక్స్ తెరిస్తే మా టీమ్‌లో ఒకతను ల్యాండ్ యూజ్ చూసుకున్నావా అన్నాడు. టైటిల్ క్లియర్ రా, లాయర్ కూడా రాసిచ్చాడు అన్నా. నేను అడిగింది అది కాదు కదా అని ఒక నంబర్ పంపాడు. ఈ రివ్యూ ఆ నంబర్ గురించి.

పేరు రాయట్లేదు. ఆయనే వద్దన్నారు, ఉన్న పనే తెమలట్లేదు బాబూ ఇంకా జనాల్ని పంపకు అని. బషీర్‌బాగ్ వైపు ఒక సందులో జిరాక్స్ షాప్ పైన ఒకే ఒక గది. ప్రైవేట్ కన్సల్టెన్సీల్లో ముప్పై ఏళ్ళు టౌన్ ప్లానింగ్ పని చేసి రిటైర్ అయిన ఒక పెద్దాయన, మాసబ్ ట్యాంక్ కాలేజీలో ప్లానింగ్ చదువుతున్న ఒక అమ్మాయి పార్ట్ టైమ్, పెద్ద మ్యాపులు ప్రింట్ చేసే ఒక పాత ప్లాటర్ మెషిన్, గోడ నిండా చుట్టిన మ్యాపులు. చేసే పని ఒకటే. మీరు సర్వే నంబర్, ఊరు పేరు, వెంచర్ బ్రోచర్ ఇస్తే ఆ నేల మాస్టర్ ప్లాన్‌లో దేనికి కేటాయించారో, ఏ రోడ్డు దాని మీదుగా పోతుందో, చెరువో కుంటో వాననీటి కాలువో ఎంత దూరంలో ఉందో చూసి రిపోర్ట్ రాసిస్తారు. టేబుల్ మీద చేసే రిపోర్ట్‌కి 6,000, మనతో పాటు సైట్‌కి వచ్చి నడవడానికి ఇంకో 2,500. ఐదు రోజుల్లో అన్నారు, పదకొండు రోజులు పట్టింది. దాని సంగతి తర్వాత.

మొదటి రోజు నా ఫైల్ తిరగేసి ఆ పెద్దాయన (సార్ అనే పిలుస్తా) అన్నదేంటంటే, ఇందులో ఈ భూమి ఎవరిదో ఉంది, దేనికి వాడాలో లేదు అని. నాకు అర్థం కాలేదు. నాలా ఉంది కద్సార్ అన్నా, అంటే వ్యవసాయం నుంచి మార్చేశారు కదా అని. అక్కడే ఆయన పెన్ను పక్కన పెట్టి కుర్చీ ఇటు తిప్పారు. నాలా కన్వర్షన్ అనేది రెవెన్యూ వాళ్ళది, 2006 చట్టం, ఈ భూమిని ఇక వ్యవసాయానికి కాకుండా వేరే దానికి వాడతాం అని ఫీజు కట్టి రికార్డులో మార్పించుకోవడం, అంతే. ఆ వేరేది ఏంటి, ఇల్లా ఫ్యాక్టరీయా గోడౌనా, అసలు అక్కడ కట్టనిస్తారా లేదా అన్నది మాస్టర్ ప్లాన్ చెప్తుంది, అది హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చేతిలో ఉంటుంది, జోన్ మార్చాలంటే చేంజ్ ఆఫ్ ల్యాండ్ యూజ్‌కి అప్లై చేసి, అభ్యంతరాలు పిలిచి, ప్రభుత్వం ఆర్డర్ ఇవ్వాలి. ఈ రెండూ వేర్వేరు ఆఫీసులు, వేర్వేరు కాగితాలు. నూటికి తొంభై మంది మొదటి కాగితం చూసి రెండోది కూడా అయిపోయింది అనుకుంటారు, అమ్మేవాళ్ళకి కావాల్సింది కూడా అదే అన్నారు. నిజం చెప్పాలంటే ఆ ఒక్క ముక్కకే నాకు 6,000 వచ్చేసినట్టు అనిపించింది, ఎందుకంటే నేను అప్పటికి ఏడు వెంచర్లు చూసి ఉంటా, ఏడింటిలోనూ నాలా పేపర్ చూపించగానే తల ఊపి బిర్యానీ తిని వచ్చేశా.

మన చుట్టుపక్కల ఎక్కువ భాగానికి వర్తించేది 2013 జనవరిలో జీవో 33 కింద వచ్చిన మెట్రోపాలిటన్ డెవలప్‌మెంట్ ప్లాన్ 2031. అందులో రెసిడెన్షియల్ జోన్లు ఒకటి నుంచి నాలుగు దాకా, పెరి అర్బన్, మల్టిపుల్ యూజ్, మాన్యుఫ్యాక్చరింగ్, రిక్రియేషన్, కన్జర్వేషన్ అని ఉంటాయి. సిటీ లోపలికి వేరే ప్లాన్, ఓఆర్ఆర్‌కి (ఔటర్ రింగ్ రోడ్డు) అటూ ఇటూ కిలోమీటర్ గ్రోత్ కారిడార్‌కి వేరే రూల్స్. అంటే ఒకే నగరానికి రకరకాల టైముల్లో గీసిన రకరకాల ప్లాన్లు పక్కపక్కన అతికించి ఉన్నాయి, మీ సర్వే నంబర్ ఏ ప్లాన్ కిందకి వస్తుందో కనుక్కోవడమే సగం పని. ఆ అమ్మాయి నా ముందే కంప్యూటర్లో ప్లాన్ షీట్ తెరిచి మా ఊరు వెతికి పెట్టింది. లేత ఆకుపచ్చ. పక్కన సన్నగా పసుపు, అంటే ఇళ్ళ జోన్. నాకు పసుపు చూడగానే ప్రాణం లేచొచ్చింది, మనది పసుపులోనే కదమ్మా అన్నా, ఆమె చూద్దాం సార్ అంది. ఈ చూద్దాం సార్ అనే మాట ఆ ఆఫీస్ మొత్తానికీ ట్యాగ్‌లైన్ అనుకోండి.

ఇంక కింద హోటల్లో ఇరానీ చాయ్ తాగుతూ ఆయన చెప్పిన థియరీ ఉంది చూడండి, అది ఫ్రీ, బిల్లులో లేదు. నేను ఊరికే, అసలు ఈ జోన్లు ఎందుకు సార్, ఎవడి భూమి వాడి ఇష్టం కదా అన్నా. ఆయన మీ చిన్నప్పుడు పాలు ఎక్కడి నుంచి వచ్చేవి అని అడిగారు. మాది అప్పట్లో నాగోల్, పక్క ఊళ్ళ నుంచి సైకిల్ మీద క్యాన్లు వచ్చేవి. అదే చెప్పా. దానికాయన, 1826లోనే థునెన్ అని జర్మనీలో ఒక భూస్వామి ఈ లెక్క వేశాడు అని మొదలెట్టారు. ఊరికి ఆనుకుని పాలు కూరగాయలు, ఎందుకంటే అవి దూరం నుంచి వస్తే పాడైపోతాయి, దాని తర్వాత కట్టెలు, ఎందుకంటే బరువు, దాని తర్వాత ధాన్యం, అన్నింటికన్నా అవతల పశువుల మేత, ఎందుకంటే పశువు తన కాళ్ళతో తనే నడిచొస్తుంది. ఎవరూ రూల్ పెట్టకుండానే మార్కెట్టే రింగులు రింగులుగా సర్దేసింది. ఎవరు ఎక్కువ ఇవ్వగలిగితే నేల వాళ్ళది.

ఇప్పుడు మీ వెంచర్ లెక్క చూడు అని టిష్యూ మీద రాశారు. ఎకరం అంటే 4,840 గజాలు. రోడ్లు పార్కులు పోను ఓ 2,600 గజాలు అమ్ముకోవచ్చు అనుకో. గజం 18 వేలు వేస్తే 4 కోట్ల 68 లక్షలు. వరి వేసి ఈ డబ్బు సంపాదించాలంటే ఎన్ని జన్మలు ఎత్తాలి? కాబట్టి మార్కెట్‌కి వదిలేస్తే చేవెళ్ళ దాకా, వికారాబాద్ దాకా ప్రతి మడీ ప్లాటే అవుతుంది, అది రైతు దురాశ కాదు, లెక్కే అలా ఉంది. ఆ లెక్కలోకి రాని ఖర్చు ఒకటి ఉంటుంది, వాన నీళ్ళు ఎటు పోవాలి, కింద ఊళ్ళకి తాగే నీళ్ళు ఎక్కడివి, పది వేల ఇళ్ళకి రోడ్డు ఎవరు వేస్తారు అన్నది. దాన్ని లెక్కలోకి లాగడానికే ప్లాన్ అన్నారు. ఉదాహరణకి గండిపేట కథే చెప్పారు. 1908 సెప్టెంబర్‌లో మూసీ పొంగి నగరం కొట్టుకుపోయింది, విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు, 1920కి ఉస్మాన్ సాగర్ (అదే గండిపేట చెరువు), 1927కి హిమాయత్ సాగర్ వచ్చాయి. చెరువు కడితే చాలదు, చెరువులోకి నీళ్ళొచ్చే నేల కూడా చెరువులో భాగమే. అందుకే 1996 మార్చిలో జీవో 111 ఇచ్చి ఆ నేల మీద కట్టడాలకి ఆంక్షలు పెట్టారు, 84 ఊళ్ళు, 1,32,600 ఎకరాలు. 2022 ఏప్రిల్‌లో జీవో 69 ఇచ్చి ఆ ఆంక్షలు ఎత్తేస్తున్నాం అన్నారు, ఇక బ్రోకర్లకి రోజూ సంక్రాంతే. కానీ ఆంక్ష ఎత్తడం వేరు, ఆ ఊళ్ళ జోనింగ్ మారడం వేరు, ఆ రెండింటి మధ్య ఉన్న సందులోనే బోలెడు ప్లాట్లు అమ్ముడుపోతున్నాయి.

నేను ఒక్క ప్రశ్న గట్టిగానే అడిగా. సార్, మ్యాపులో గీత ఇటు పడ్డ రైతు కోటీశ్వరుడు, అటు పడ్డ రైతు అలాగే ఉండిపోతాడు, గీత గీసింది ఎవరో ఆఫీసర్, ఇదేం న్యాయం? ఆయన కాదనలేదు. ప్లానింగ్ మొత్తంలో జవాబు లేని ప్రశ్న అదే బాబూ, ఆకుపచ్చ రంగులో పడ్డవాడికి పరిహారం ఏమీ లేదు, అందుకే ప్రతివాడూ జోన్ మార్పించుకోడానికి తిరుగుతాడు, వాడిని తప్పు పట్టలేను అన్నారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది, సేల్స్‌మన్ అయితే దీనికీ ఒక ఆన్సర్ రెడీగా పెట్టుకుంటాడు.

ఆదివారం సైట్‌కి పోయాం. నేను, బావ, సార్, ఆ అమ్మాయి. మధ్యలో టిఫిన్‌కి ఆగి ఉప్మా పెసరట్టు తిన్నాం, అది నా ఖాతా. సార్ చేతిలో గొడుగు, చంకలో ఊరి నక్షా (పాత సర్వే మ్యాపు) జిరాక్స్. వెంచర్ గేటు దగ్గర వాళ్ళ కుర్రాడు బ్రోచర్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు, సార్ వాడిని చూడనట్టే గేటు లోపలికి రాకుండా ప్రహరీ పక్కన బయటి నుంచి నడవడం మొదలెట్టారు. నేను ప్లాట్ చూడరా సార్ అంటే, ప్లాట్‌లో చూడ్డానికి ఏముంటుంది, నాలుగు రాళ్ళు, ఎర్ర మట్టి. నీళ్ళు ఎటు నుంచి ఎటు పోతాయో చూద్దాం పద అన్నారు.

వెంచర్‌కి దక్షిణం మూల పల్లంగా ఉంది. మేం మొదటిసారి వచ్చినప్పుడు కారులోనే తిప్పారు కాబట్టి అది పల్లం అని తెలియనే లేదు. ఎర్ర మట్టి పోసి చదును చేసిన అంచు దాటగానే కింద నల్ల రేగడి, బీటలు, జమ్ము ఎండిపోయి నిలబడి ఉంది, తుమ్మ చెట్లు. అటు పక్కన మట్టి కట్ట ఒకటి సగం తవ్వేసి ఉంది. సార్ నక్షా పరిచి చూపించారు, పక్క సర్వే నంబర్ చుట్టూ కుంట గుర్తు. కుంట ఎండిపోయింది కద్సార్ అన్నాడు ఆ కుర్రాడు, మా వెనకే వచ్చి. ఎండినా ఎఫ్‌టీఎల్ ఎండదు నాన్నా అన్నారు సార్.

ఎఫ్‌టీఎల్ అంటే ఫుల్ ట్యాంక్ లెవెల్, ఇది చాలామందికి వినడమే తప్ప ఎలా లెక్కేస్తారో తెలియదు, నాకూ తెలియదు. నీళ్ళు ఎక్కడి దాకా నిండితే అలుగు మీంచి పొర్లుతాయో ఆ ఎత్తు. ఆ ఎత్తులో చుట్టూ గీత గీస్తే లోపల పడ్డదంతా చెరువే, నీళ్ళు ఉన్నా లేకపోయినా, పట్టా భూమి అయినా సరే. ఆ గీత నుంచి బయటికి ఇంకో బఫర్. బిల్డింగ్ రూల్స్ ప్రకారం, 2012 జీవో 168, పది హెక్టార్లు అంటే దాదాపు పాతిక ఎకరాలు, ఆపైన ఉన్న చెరువుకి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువుకీ కుంటకీ 9 మీటర్లు ఖాళీ వదలాలి. అందుకే కబ్జా చేసేవాళ్ళు ముందు అలుగు మీద చెయ్యేస్తారట, అలుగు కొట్టేస్తే నీళ్ళు నిలవవు, నిలవకపోతే ఇక్కడ చెరువేది అనొచ్చు. నాకు ఆ సగం తవ్విన కట్ట వైపు మళ్ళీ చూడాలనిపించింది.

అక్కడ మేకలు మేపుతున్న ఒక ముసలాయన మా దగ్గరికి వచ్చి ఏం కొలుస్తున్నరు అని కూర్చున్నాడు. సార్ బీడీ ఇచ్చి మాట కలిపారు. గిది కుంట బిడ్డా, మా తాత కాలంల ఎడ్లను కడిగేటోళ్ళు గీడ, పై చెర్వు అలుగు వోస్తె నీళ్ళు గీన్నుంచే దిగి కింది చెర్వుల వడేటియి, ఇగ మొన్న కరోనా యాడాది వానలకైతె గా బోర్డు కాడ్దాక నిండినయి అన్నాడు. ఆ బోర్డు మీద ఏం రాసుందో చెప్తా వినండి, చిల్డ్రన్స్ ప్లే ఏరియా. ఒక జారుడు బండ బొమ్మ కూడా వేశారు.

మా బావ మొహం చూడాలి అప్పుడు. సార్ మాత్రం చాలా మామూలుగా, లేఅవుట్‌లో పది శాతం ఖాళీ స్థలం వదలాలి కదా, అమ్ముడుపోని మూల చూసి అక్కడ పార్కు చూపిస్తారు, కొత్తేం కాదు అన్నారు. అక్కడ ఆయన గొలుసుకట్టు చెరువుల గురించి ఇంకో పావుగంట చెప్పారు, ఒకటి నిండితే దాని కిందది, అది నిండితే ఇంకా కిందది, తెలంగాణ అంతా కాకతీయుల కాలం నుంచి ఇదే ఏర్పాటు, మధ్యలో ఒక్క కుంట పూడ్చినా నీళ్ళు ఆగవు, దారి మార్చుకుంటాయి, 2020 అక్టోబర్‌లో మన సిటీలో కాలనీలకి కాలనీలు మునిగింది అందుకే అని. ఎండ మాడ్చేస్తోంది, మా బావ మధ్యలోనే కారెక్కేశాడు, నేను మాత్రం కదల్లేదు. ఇన్నేళ్ళుగా వాన పడితే మియాపూర్‌లో ట్రాఫిక్ జామ్ అని తిట్టుకోవడమే తప్ప ఆ నీళ్ళు ఏ చెరువు నుంచి బయల్దేరాయో ఒక్కసారి ఆలోచించలేదు.

రిపోర్ట్ తొమ్మిది పేజీలు. అందులో తేలింది ఏంటంటే వెంచర్‌లో దాదాపు సగం, మేం టోకెన్ ఇచ్చిన ప్లాట్‌తో సహా, కన్జర్వేషన్ జోన్, అంటే మ్యాపులో ఆ లేత ఆకుపచ్చ. అందులో లేఅవుట్‌కి పర్మిషన్ రాదు, వాళ్ళు చూపించిన లేఅవుట్ కాపీ మీద ఉన్నది పంచాయతీ స్టాంపు, హెచ్ఎండీఏ ఎల్‌పీ (లేఅవుట్ పర్మిట్) నంబర్ లేదు. పసుపులో ఉన్న మిగతా సగం మీదుగా ప్లాన్‌లో 30 మీటర్ల రోడ్డు ప్రపోజల్ ఉంది, అంటే వంద అడుగులు, ఒక వరుస ప్లాట్లు మొత్తం దాంట్లో పోతాయి. బ్రోచర్‌లో ఆ రోడ్డునే వంద అడుగుల రోడ్డు ఫేసింగ్ అని గజానికి రెండు వేలు ఎక్స్‌ట్రా అడిగారండీ మమ్మల్ని! పార్కు మూల కుంట గీత లోపలే పడే అవకాశం ఎక్కువ, సర్వేయర్‌తో కొలిపించాలి అని రాశారు.

ఇక్కడి నుంచి నా కంప్లైంట్లు. ఒకటి, ఆ కొలిపించాలి అన్న మాటే. ఊరి నక్షాని శాటిలైట్ ఫోటో మీద అతికిస్తే పది పదిహేను మీటర్లు అటూ ఇటూ జరుగుతుందట, పాత నక్షాలు అలాగే ఉంటాయట. మరి బఫరే 9 మీటర్లు అయినప్పుడు పదిహేను మీటర్లు జరిగే మ్యాపు పెట్టుకుని ఏం తేలుస్తాం? ఈ మాట మొదటి రోజే చెప్పాలి కదా, డబ్బులు తీసుకున్నాక ఏడో పేజీలో చిన్న అక్షరాల్లో రాస్తే ఎలా. నా కేసులో జోన్ దగ్గరే సంగతి తేలిపోయింది కాబట్టి సరిపోయింది, ప్లాట్ సరిగ్గా గీత మీద ఉండుంటే ఈ రిపోర్ట్ పట్టుకుని ఇంకో పది వేలు సర్వేయర్‌కి పెట్టాల్సిందే. రెండు, లేట్. ఐదు రోజులు అని పదకొండు రోజులు, ఉదయం పదకొండు దాకా ఫోన్ ఎత్తరు, సాయంత్రం ఐదు తర్వాత ఎత్తరు, వాట్సాప్‌లో మెసేజ్ పెడితే నీలం టిక్కులు వస్తాయి, జవాబు రాదు. ఇటు వెంచర్ వాళ్ళు అగ్రిమెంట్‌కి రండి అని రోజుకి మూడు ఫోన్లు, అటు ఈయన చూద్దాం. నాకు బీపీ పెరిగిన మాట నిజం.

మూడు, బిల్లు అడిగితే తెల్ల కాగితం మీద చేత్తో రాసిచ్చారు. నాలుగు, రిపోర్ట్ భాష. మొత్తం ఇంగ్లీషు, అది కూడా గవర్నమెంట్ ఇంగ్లీషు, మా ఆవిడ చదివి ఇది కొనమనా వద్దనా అంది. నిజానికి ఎక్కడా రాయలేదు. నేను మొహం మీదే అడిగా, కొనమంటారా వద్దంటారా అని. కొనడం నీ ఇష్టం, అక్కడ ఏం కట్టొచ్చో చెప్పడమే నా పని అన్నారు. అప్పుడు ఒళ్ళు మండింది కానీ తర్వాత ఆలోచిస్తే ఒక్క లైన్ వద్దు అని రాసినా రేపు వెంచర్ వాళ్ళు ఆయన గది మీదకి వస్తారు. అయినా సరే తెలుగులో ఒక పేజీ సారాంశం పెట్టొచ్చు, ఆ అమ్మాయి నోటితో చెప్పినప్పుడు రెండు నిమిషాల్లో అర్థమైంది నాకు.

టోకెన్ సంగతి అడుగుతారు కదా. వెంచర్ ఆఫీస్‌కి వెళ్ళి రిపోర్ట్ టేబుల్ మీద పెట్టా. మేనేజర్ మొదట నవ్వాడు, తర్వాత జోన్ మారిపోతుంది సార్ ఫైల్ నడుస్తోంది అన్నాడు, ఫైల్ నంబర్ ఇవ్వమంటే మౌనం, బావ పక్కన కూర్చుని రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ ఏది అని ఒక్కటే ప్రశ్న పట్టుకున్నాడు, 500 చదరపు మీటర్లు దాటితే లేఅవుట్‌కి కూడా రెరా రిజిస్ట్రేషన్ ఉండాలి కదా అని. నెల రోజులు తిప్పి 50 వేలలో 40 ఇచ్చారు, 10 వేలు సైట్ విజిట్ చార్జీలట. బిర్యానీ ప్లేట్ ఐదు వేలు పడ్డట్టు లెక్క.

బావ అంత గట్టిగా ఎందుకు కూర్చున్నాడంటే ఆయన 2009లో ఘట్‌కేసర్ అవతల పంచాయతీ లేఅవుట్‌లో 150 గజాలు కొన్నాడు, ఇప్పటికీ అందులో ఒక ఇటుక పెట్టలేదు. 2020లో పర్మిషన్ లేని లేఅవుట్లని రెగ్యులరైజ్ చేసే ఎల్ఆర్ఎస్ స్కీమ్ వచ్చినప్పుడు వెయ్యి కట్టి అప్లై చేశాడు. ఫీజు లెక్క వచ్చాక రెగ్యులరైజేషన్ చార్జీ కాకుండా ఓపెన్ స్పేస్ చార్జీ అని ప్లాట్ విలువలో 14 శాతం ఉంది, ఇదేం దోపిడీ అని ఇంట్లో గోల గోల చేశాడు. నా రిపోర్ట్ కోసం వెళ్ళినప్పుడు బావ అదీ అడిగాడు, సార్ ఏమన్నారంటే, మీ లేఅవుట్‌లో పార్కు వదలకుండా ఆ స్థలం కూడా ప్లాట్లు చేసి మీకే అమ్మాడు, అప్పుడు మీకు చవగ్గా వచ్చింది అనుకున్నారు, ఆ పార్కు డబ్బే ఇప్పుడు కడుతున్నారు అని. బావ కాసేపు ఏం మాట్లాడలేదు, అమ్మినవాడు వెళ్ళిపోయాక నేనెందుకు కట్టాలి అన్నది ఆయన పాయింట్, అది కూడా తప్పని నేననను. మొత్తానికి 2025లో 25 శాతం తగ్గింపు ఇచ్చినప్పుడు కట్టేశాడు. చెరువు శిఖంలో, అంటే నీళ్ళు నిలిచే నేలలో పడ్డ ప్లాట్లకైతే ఎల్ఆర్ఎస్ కూడా రాదు, ఆ లెక్కన ఆయన అదృష్టవంతుడే.

తర్వాత రెండో ప్లాట్ కూడా వీళ్ళకే ఇచ్చా. తిట్టుకుంటూనే ఇచ్చా. ఇది ఘట్‌కేసర్ వైపు, హెచ్ఎండీఏ అప్రూవ్డ్, ఎల్‌పీ నంబర్ ఉంది, రెసిడెన్షియల్ జోన్, రోడ్డు ప్రపోజల్ లేదు, కుంట లేదు. ఈసారి నేనే సర్వే నంబర్ పట్టుకుని హెచ్ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో మ్యాపులు వెతుక్కుని ముందే ఓ రౌండ్ చూసుకున్నా, చాలా గర్వంగా ఆయనకి చూపించా. బాగుంది అని, మరి మార్ట్‌గేజ్ చూశావా అన్నారు. అప్రూవల్ ఇచ్చేటప్పుడు రోడ్లు డ్రైనేజీ కరెంట్ వేస్తాడో లేదో అని డెవలపర్ దగ్గర పదిహేను శాతం ప్లాట్లు హెచ్ఎండీఏకి తాకట్టు పెట్టించుకుంటారు, పనులన్నీ పూర్తయి ఫైనల్ లేఅవుట్ వచ్చాకే విడుదల. డ్రాఫ్ట్ లేఅవుట్ ప్లాన్‌లో ఆ ప్లాట్ నంబర్లు రాసే ఉంటాయి. మాకు చూపించిన ప్లాట్ నంబర్ సరిగ్గా ఆ లిస్టులో ఉంది. ఇందుకేనన్నమాట గజానికి పదిహేను వందలు తక్కువ చెప్పాడు. డెవలపర్‌ని అడిగితే ఆరు నెలల్లో రిలీజ్ అయిపోతుంది సార్ రేటు చూడండి అన్నాడు. అవ్వొచ్చు కూడా, నేను ఆగలేను.

రేటింగ్ అంటే 5కి 4 ఇస్తా. పనికి ఐదు, టైముకి రెండు. ఎవరికి పనికొస్తుందంటే ఓఆర్ఆర్ అవతల ఓపెన్ ప్లాట్ కొనేవాళ్ళకి, ముఖ్యంగా వెంచర్ వాళ్ళే లాయర్‌నీ లోన్‌నీ కారునీ అన్నీ వాళ్ళే ఇస్తున్నప్పుడు. సిటీలో కట్టిన ఫ్లాట్ కొనేవాళ్ళకి ఇది అంతగా అక్కర్లేదు, వాళ్ళు శాంక్షన్ ప్లాన్, ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) చూసుకుంటే చాలు. టైటిల్ వీళ్ళు చూడరు, దానికి లాయర్ వేరే, అమ్మేవాళ్ళ లాయర్ కాకుండా మన లాయర్. వెళ్ళేటప్పుడు సర్వే నంబర్ సబ్ డివిజన్‌తో సహా రాసుకెళ్ళండి, ఊరి పేరు ఒక్కటే చెప్తే వెనక్కి పంపిస్తారు, ఒకే పేరుతో రెండు మండలాల్లో ఊళ్ళు ఉంటాయి మన దగ్గర. టోకెన్ ఇవ్వకముందే వెళ్ళండి. సైట్ విజిట్ 2,500 మిగిల్చుకుందాం అనుకోకండి, ఆ మేకల తాత చెప్పింది ఏ మ్యాపులోనూ లేదు.

పోయిన వారం షాద్‌నగర్ వైపు మూడోది ఒకటి చూసి సర్వే నంబర్ ఇచ్చొచ్చాం. ఐదు రోజులు అన్నారు. ఇవాళ ఎనిమిదో రోజు, మెసేజ్‌కి నీలం టిక్కులు వచ్చాయి.